కూర్చుంటే కనిపించే ఇల్లు

నల్లగొండ దవాఖాన నుంచి తిరిగొచ్చిన రోజు ఆమె తన ఇంటి గడప తగిలి పడిపోయింది. దవాఖానకు పోయిన రోజు ఆ ఇంటికి గడప లేదు.

ఆటో వాకిట్లో ఆగింది. తమ్ముడు రెక్క పట్టుకోబోతే ఎప్పటిలాగే వద్దంది. కర్రను రెండు చేతులతో బిగించి పట్టుకుని, నేలను చూసుకుంటూ దర్వాజ దాకా తానే నడిచింది. కాలు ఎత్తి వేయడం ఆమెకు ఎన్నడో పోయింది, నేల మీద జరపడమే. లోపలికి కాలు జరిపింది. బొటనవేలు కట్టెకు తగిలింది. తుంటి బండ మీద పడ్డ చప్పుడు వంటింట్లో ఉన్న మరదలికి, అంటే తమ్ముడి భార్యకు, వినిపించింది. వాకిట్లోంచి ఇంకా కదలని ఆ ఆటోలోనే ఆమెను మళ్లీ నల్లగొండ తీసుకుపోయారు. ఈసారి ప్రాణంతో తిరిగి రాలేదు.

ఆ ఇంటికి గడప ఎందుకు లేదో, ఆమె లేని సమయంలో ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు ఆమె చూపు ఎంత ఎత్తులో ఉండేదో చెప్పాలి.

దేవరకొండ రోడ్డు దిగి చాలా దూరం లోపలికి పోతే వాళ్ల ఊరు. బోరు నీళ్ల నిండా ఫ్లోరైడ్. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లకు ముందు మోకాళ్లు, తర్వాత నడుము, ఆఖరుకు మెడ బిగుసుకుపోయాయి. నేను చూసేనాటికి నడుము దగ్గర మడిచిపెట్టినట్టు ఉండేది. ఎదుట నిలబడ్డ మనిషి మోకాళ్లు కనిపించేవి. బాగా ప్రయాసపడితే నడుముకు కట్టిన బెల్టు కనిపించేది. మొఖం కనిపించాలంటే అవతలి మనిషి కూర్చోవాలి. అందుకని ఊళ్లో వాళ్లను చెప్పులను బట్టి గుర్తుపట్టేది. నేను ఒకసారి కొత్త చెప్పులతో పోతే ఎవరో పరాయి మనిషి అనుకుని చాలాసేపు "మీరు, మీరు" అని మాట్లాడి, గొంతు పోల్చుకున్నాక తిట్టింది.

"చెప్పులు మార్చినోనివి చెప్పి రావొద్దా తమ్మీ? ఇజ్జత్ ఇచ్చి మాట్లాడిన ఇంతసేపు. దండగాయె."

తెలంగాణ వచ్చిన కొత్తలో మా పత్రికల వాళ్లం, టీవీల వాళ్లం ఆ ఊళ్ల వెంట తిరిగాం. ఫొటోలకు నిలబడి నిలబడి ఆ జనానికి విసుగు పుట్టింది. మాతో వచ్చిన ఒక ఫొటోగ్రాఫర్ ఆమెను కొద్దిగా తల ఎత్తమన్నాడు. "తల ఎత్తొస్తే నీతోని నాకేం పని బిడ్డా? నేనే నీ ఫొటో తీద్దును గద" అంది. వాడు కెమెరా దించేశాడు. వార్త అయిపోయినా నేను అటు పని పడినప్పుడల్లా ఆ ఇంటికి పోతూనే ఉన్నాను. ఆమె మాట కోసమని మొదట. తర్వాత ఇల్లు కూడా ఒక కారణమైంది.

పాత పెంకుటిల్లు గోడ వానలకు కూలిన ఏడాది తమ్ముడు స్లాబు ఇల్లు మొదలుపెట్టాడు. అతనికి ట్రాక్టర్ ఉంది. దుక్కులకు, బత్తాయి తోటల నుంచి కాయ తోలడానికి కిరాయికి పోతాడు. తల్లిదండ్రులు పోయాక అతన్ని సాకింది అక్కే. అప్పటికింకా ఆమె కాలు నేల మీద సరిగ్గా పడేది. అతనా సంగతి మరిచిపోయే రకం కాదు.

"అక్కా, నీకొక రూము ఏస్తున్న. ఫ్యాను, టీవీ అన్నీ పెట్టిస్త" అన్నాడట.

"రూము నాకెందుకురా? రూముల వెట్టి తలుపు దగ్గరేస్తే నేను సామాను లెక్క. ఇల్లంత తిరగాలె నేను. నీళ్లు నేనే ముంచుకోవాలె, లైటు నేనే ఏసుకోవాలె. ఎవల్ని పిలువకుంట ఒక్క దినమన్న గడవాలె నాకు."

ఆమె కోరింది ఇంతే. పొద్దున లేచింది మొదలు "ఓ పిల్లా, గిది అందుకో", "అరే, గది తియ్యి" అని పిలిచి పిలిచి ఆమెకు తన గొంతంటేనే రోత పుట్టింది. అక్కాతమ్ముళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు. ఇంటి బయటంతా తమ్ముడి ఇష్టం, లోపలంతా అక్క ఇష్టం. అతను బయటి గోడలకు రామచిలుక పచ్చ రంగు వేయించి, ముందు పక్క మెరిసే టైల్స్ అతికించుకున్నాడు. ఆమె ఆ గోడలను ఎన్నడూ పూర్తిగా చూడలేదు. "మంచిగున్నదటగా" అనేది.

లోపలి పని జరిగినన్ని రోజులూ మేస్త్రికి కొలబద్ద ఆమె ఒళ్లే. గోడకు ఆనుకుని నిలబడి చెయ్యి జాపేది. చెయ్యి ఆగిన చోట మేస్త్రి బొగ్గుతో గీత గీసేవాడు. అక్కడ గూడు, అక్కడ స్విచ్చు, అక్కడ కొయ్య. ఒక గూడు కోసం గీత పెట్టాక ఆమె ఆపింది.

"ఇంకో జానెడు కిందికి దించు మేస్త్రీ."

"నీ చెయ్యి గీడిదాక వస్తున్నది గదక్కా?"

"ఇయ్యాల వస్తున్నది. ఇల్లయ్యేసరికి నేను ఇంకింత దిగుత."

మేస్త్రి నవ్వాలో వద్దో తెలియక తాపీ కడుక్కోవడానికి లేచి వెళ్లాడు. గూడు జానెడు కిందికే పెట్టాడు. ఇల్లు ఆగుతూ సాగుతూ పూర్తయ్యేసరికి ఆమె చెయ్యి సరిగ్గా ఆ గూటి దగ్గరికే వచ్చింది.

గడప దగ్గర పెద్ద రగడ అయింది. మా దిక్కు మాటలో దాన్ని కడప అంటారు. దర్వాజకు నాలుగు కట్టెలు, కిందిది గడప. దానికి పసుపు రాసి బొట్లు పెట్టని శుక్రవారం ఉండదు, అది లేని ఇల్లు ఇల్లు కాదు. ఆమె మూడు కట్టెలతోనే దర్వాజ చెయ్యమంది. వడ్లాయన ఉలి కింద పెట్టేశాడు.

"మూడు కట్టెలవి బర్ల కొట్టానికి చేస్తరక్కా. మనుషులుండే ఇంటికి నా చేతులతోని చెయ్య."

"బర్రె నయం, కాలెత్తి ఏస్తది. నాకు ఆ పాటి కాలు గూడ లేదు."

"లచ్చిమి నిలువదంటరు."

"లచ్చిమి వస్తే నేను పట్టుకుంట తియ్యి. మరి నేను పడితే ఎవలు పట్టుకుంటరు?"

మరదలు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెకు ఎదిగిన కొడుకు ఉన్నాడు, రేపు పెళ్లి కావాలి. ఆఖరుకు దారి చూపింది కూడా అక్కే. నాలుగో కట్టె పెట్టండి, కానీ నేలలోకి పాతండి. పైభాగం బండలతో సమానంగా ఉండాలి. అట్లాగే చేశారు. దర్వాజకు గడప ఉన్నట్టే లెక్క, కాలికి మాత్రం లేదు. ప్రతి శుక్రవారం ఆ కట్టెకు పసుపు రాసే పని ఆమె తీసుకుంది. "పసుపు రాసుడు నాకేం కష్టం? వంగే ఉన్న గద. దాటుడే కష్టం" అనేది. చెయ్యి అంచుల దాకా జరిపి, ఒక్క చుక్క బండ మీదికి పోకుండా రాసి, కుంకుమ బొట్లు పెట్టేది.

ఇంటి పని అయ్యాక మొదటిసారి పోయినప్పుడు నేను నడి ఇంట్లో నిలబడి చుట్టూ చూశాను. సున్నపు గోడలు. ఒక్క పటం లేదు, క్యాలెండరు లేదు. బోసిగా ఉంది. కిందినుంచి గొంతు వినిపించింది.

"కూసో తమ్మీ. నిలబడితే మా ఇల్లు కనవడదు."

కూర్చున్నాను. ఇల్లు కనిపించింది. గోడ కింది సగం నిండుగా ఉంది. మోకాటి ఎత్తులో క్యాలెండరు, దాని పక్కన అద్దం, అద్దం కింద గూట్లో దువ్వెన, కాటుక. ఇంకో గూట్లో దేవుళ్లు, దీపం. కిటికీ నేల నుంచి జానెడు ఎత్తులోనే మొదలవుతుంది. అందులోంచి వాకిలి, వాకిట్లో కోళ్లు, వీధిలో పోయేవాళ్ల పాదాలు. నేలకు షాబాదు బండలు, నున్నగా గీయించకుండా గరుకుగానే ఉంచినవి, కాలు జారకుండా. గోడ అడుగున చుట్టూ ఎర్రటి జాజు రంగు పట్టీ. బల్బు కూడా పైన కాదు, గోడకే, కూర్చున్న మనిషి భుజం దగ్గర. వెలుగు ఒళ్లో పడేది. పొయ్యి తక్కువ ఎత్తు బండ మీద. లేచి నిలబడాల్సిన చోటల్లా గోడకు ఒక నులక తాడు, పట్టు దొరకడానికి ముడులు వేసి.

తల్లిదండ్రుల ఫొటో కూడా అదే ఎత్తులో కొట్టించింది. దాని మీద తమ్ముడు అలిగాడు.

"బాపు ఫొటో కాళ్ల కాడ పెడ్తరా ఎవలన్న?"

"నాకు మొఖం కాడనే ఉన్నడు. నీకు కాళ్ల కాడ అనిపిస్తే కూసోని చూడు."

అతను కూర్చున్నాడు. అప్పటినుంచి ట్రాక్టర్ దిగి వచ్చి అక్కడే, ఆ ఫొటో ఎదురుగా చాయ తాగేవాడు. ఆ ఇంట్లో కుర్చీ ఉండేది కాదు. ఎంత పెద్ద మనిషి వచ్చినా బండల మీద కూర్చోవాల్సిందే. కూర్చున్నాక లేవబుద్ధయ్యేది కాదు. మధ్యాహ్నం పూట వీధిలో ఆడవాళ్లు చింతపండు గింజ తీసుకోవడానికి, బియ్యం చెరుగుకోవడానికి వాళ్ల ఇళ్లు వదిలి అక్కడికి వచ్చేవారు. చలికాలం ఎండ ఆ కిందికున్న కిటికీలోంచి నడి ఇంటి దాకా పాకేది. ఎండతో పాటు వాళ్లూ జరిగేవారు. మాట జోరుగా సాగుతుంటే ఈమె మధ్యలో లేచి, తాడు పట్టుకుని, ఎవరినీ పిలవకుండా కుండ దగ్గరికి పోయి నీళ్లు ముంచుకుని తాగి వచ్చేది. ఎవరైనా ఇస్తానని లేస్తే మొఖం మీదే కసిరేది. ఆ నీళ్లు తాగేటప్పుడు ఆమె మొఖం చూడాలి. కృష్ణ నీళ్ల నల్లా వచ్చిన రోజు ఊరంతా సంబరపడింది. ఆమె నల్లా కింద చెయ్యి పెట్టి చూసి, "నీళ్లు మారినయని నా బొక్కలకు ఎవలు చెప్పాలె?" అంది.

ఎముకలకే కాదు, చుట్టాలకూ ఆ కబురు అందలేదు. మేనల్లుడు చిట్యాల దగ్గర ఒక కంపెనీలో పని చేస్తాడు. మంచి పిల్లవాడు. పళ్ల మీద గోధుమ రంగు చారలు, అందుకే నోరు మూసుకుని నవ్వుతాడు. ఆ ఊరివాళ్లకు పిల్లనిచ్చేందుకు ఇప్పటికీ జనం వెనకాముందాడతారు. రెండు మూడు సంబంధాలు మాటల దగ్గరే ఆగిపోయాయి. ఆఖరుకు కొల్లాపూర్ దిక్కు నుంచి ఒకరు ఇల్లు చూడటానికి వచ్చారు. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లు. వాళ్ల కోసం పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు బోసి గోడలే కనిపించి ఉంటాయి.

పిల్ల మేనమామ దర్వాజ దగ్గర ఆగి కిందికి చూశాడు. "ఏంది, ఇంటికి కడప లేదా?" అన్నాడు. ఉంది, లోపలికి ఉంది అని తమ్ముడు చెప్పబోయాడు. ఆయన వినిపించుకోలేదు. వారం తిరక్కముందే మధ్యవర్తి కబురు మోసుకొచ్చాడు. కడప లేని ఇంట్లకు పిల్లను పంపం అంటున్నరు, అని.

తర్వాత నేను పోయినప్పుడు ఆమె ఆ మాట ఎత్తింది. మరదలు వినకుండా గొంతు తగ్గించింది.

"మేమిచ్చిన నీళ్లు ముట్టలే వాళ్లు. బాటిళ్లు తెచ్చుకున్నరు. నాకు కనవడేదే వాళ్ల కాళ్లు గద, కుర్చీల కింద బాటిళ్లు పెట్టుకున్నరు. కడప అనేది ఊకెనే తమ్మీ. నీళ్లు చూసిండ్రు. మా పోరని పండ్లు చూసిండ్రు. ఆఖరుకు నన్ను చూసిండ్రు. ఒక ఆడిపిల్ల తల్లి నన్ను చూసినంక ఏమనుకుంటది? నా బిడ్డ గిట్లయితదేమో అనుకుంటది. మొఖం మీద అనలేక కడప అన్నరు."

"ఆ ముక్క తమ్మునికి చెప్పకపోయినవా?"

"చెప్తే వానికి ఇంకేం మిగుల్తది? కడప అంటే పెట్టుకోవచ్చు. నేనంటే, నీళ్లంటే ఏం జేస్తడు? ఇంకోసారి ఎవలన్న వస్తే నన్ను జర పక్కింట్ల కూసోవెట్టుండ్రి అన్న. మరదలు ఏడ్చింది. నేను తమాషకు అనలే."

చలి ముదిరాక దమ్ము ఎక్కువై ఆమెను నల్లగొండ దవాఖానలో చేర్చారు. బిగుసుకుపోయిన పక్కటెముకల మధ్య ఊపిరితిత్తులకు జాగా లేదని డాక్టర్ చెప్పాడు. ఆమె అక్కడ ఉండగా ఇంటి దగ్గర తమ్ముడు వడ్లాయనను పిలిపించాడు. పాతిన కట్టె మీద కొత్త టేకు గడప కూర్పించాడు. వడ్లాయన మంచి పనివాడు. దర్వాజ చేసిననాడే పెట్టినట్టు అతికింది. సంబంధం వాళ్లకు చూపించి, పెళ్లి ఖాయమయ్యాక తీసేద్దామని అనుకున్నారట. ఆమె వచ్చాక ఎట్లా చెప్పాలన్నది మాత్రం ఎవరికి వారు రెండోవాళ్ల మీద పెట్టుకున్నారు. దవాఖానలో అక్క పక్కన కూర్చున్నది మొగుడే కనుక చెప్పి ఉంటాడని భార్య. ఆడవాళ్ల మాట కనుక ఫోన్లో భార్యే చెప్పి ఉంటుందని మొగుడు.

దినాలప్పుడు మరదలు నాతో అన్న మాట ఇది.

"కొత్త కడపను ఉత్తగ ఎట్లుంచుతం సారూ? పసుపు రాసిన. వదినె ఎట్ల రాస్తుండెనో గట్లనే రాసిన, అవే బొట్లు పెట్టిన. ఇంటికొచ్చి చూస్తే జర సంతోషపడ్తది అనుకున్న."

నేరుగా పై నుంచి చూసే కంటికి ఎత్తు తెలియదు. ఆమె చూపు ఎప్పుడూ నేల మీదే, నిటారుగా కిందికి. ఆటో దిగి వస్తుంటే దర్వాజ దగ్గర తనకు తెలిసిన పసుపు పట్టీ, తనకు తెలిసిన కుంకుమ బొట్లు కనిపించాయి. ఎప్పటిలాగే కాలు జరిపింది.

రెండోసారి దవాఖానలో నేను ఆమెను చూశాను. తుంటి విరిగింది, ముంజేయి విరిగింది. వెల్లకిలా పడుకోబెట్టడానికి ఆ ఒంటికి వీలు లేదు. పక్కకు ఒత్తిగిలించి దిండ్లు ఆనించారు. మంచం ఎత్తుగా ఉండటంతో మొదటిసారి నేను నిలబడి ఉండగానే నా మొఖం ఆమెకు కనిపించింది. "ముసలోనివైనవు తమ్మీ" అంది. నీళ్లు కావాలంటే నర్సును పిలవాలి. నర్సు దూరంగా ఉంది. ఆమె పిలవలేదు. నేను స్పూనుతో పోయబోతే కళ్లు మూసుకుని పోయించుకుంది.

తమ్ముడు వార్డు బయట గోడకు తల కొట్టుకుంటున్నాడని చెప్పాను. లోపలికి రమ్మంటే రావడం లేదన్నాను.

"రమ్మను. వానికి తెల్వక చేసిండు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "పసుపు మంచిగ రాసింది పిల్ల. నేను రాసినట్టే ఉండె."

ఆమె నాతో మాట్లాడిన చివరి మాట అది. రెండు రోజులు మగతలో ఉండి పోయింది. పాడె మీద కూడా ఆమెను పక్కకే పడుకోబెట్టాల్సి వచ్చింది. తమ్ముడు ముందు కొమ్ము పట్టుకున్నాడు. ఇంట్లోంచి వాకిట్లోకి తెచ్చేటప్పుడు మోసేవాళ్లందరూ ఆ దర్వాజ దగ్గర ఒక క్షణం ఆగి, చూసుకుని, కాళ్లెత్తి దాటారు.

దినాల నాడు ఇంటి నిండా టెంట్ హౌస్ కుర్చీలు. వచ్చినవాళ్లు కుర్చీల్లో కూర్చుని, ఇల్లు పెద్దగానే కట్టిండ్రు గని గోడలు బోసిగున్నయి అనుకున్నారు. కుర్చీ వీపులు అద్దానికి, క్యాలెండరుకు, తల్లిదండ్రుల ఫొటోకు అడ్డం పడ్డాయి. కర్మ అయ్యాక కుర్చీలు పోయాయి. రెండు మాత్రం మరదలు ఉంచేసింది, ఎవరైనా వస్తే ఉంటాయని.

మేనల్లుడికి గడప సంగతి వచ్చాకే తెలిసింది. "ఎవలు పెట్టమన్నరు బాపూ? నాకోసమేనా?" అని ఒకసారి అడిగాడు. అప్పటినుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా వెనక వంటింటి తలుపులోంచి వస్తాడు, అటునుంచే పోతాడు. తమ్ముడు గడప తీయించడానికి వడ్లాయనను పిలిపిస్తే, భార్య దర్వాజకు అడ్డం నిలబడింది.

"పోయినామె పోయింది. ఉన్నోని బతుకన్న కావాలె గద. తీస్తే వాళ్లకు మళ్ల ఏం చెప్తవు?"

వడ్లాయన సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తమ్ముడు మళ్లీ పిలవలేదు, వద్దనీ చెప్పలేదు.

గడప పెట్టించినట్టు కొల్లాపూర్ వాళ్లకు మధ్యవర్తి చేత కబురు పంపింది అక్క మొదటిసారి దవాఖానలో ఉండగానే. వస్తామని గానీ, రామని గానీ వాళ్ల దగ్గర నుంచి ఇంతవరకు ఏ మాటా రాలేదు.